ఖాళీ పేజీ కింద సంతకం

మార్చి నెల, రెండో మంగళవారం. పురసభ సాధారణ సమావేశం పొద్దున పదకొండు గంటలకని నోటీసులో ఉంది; మొదలైంది పదకొండూ ముప్పై అయిదుకు. హాజరైనవారు: అధ్యక్షుడు, ముఖ్యాధికారి, నీటి పనులు చూసే ఇంజినీరు, నడావళి పుస్తకం రాసే గుమాస్తా, పాలకపక్షం సభ్యులు పద్నాలుగు మంది, ప్రతిపక్షం సభ్యులు ముగ్గురు. ఆ ముగ్గురిలో ఇద్దరు కంప్లిలో పెళ్ళి ఉందని టీ తాగి లేచిపోయారు. మిగిలింది పదకొండో వార్డు సభ్యురాలు ఒక్కతే. ప్రజల బెంచీ మీద నేనొక్కడినే.

ఆ రోజు నా డైరీలో మొదటి పేరా ఇదే. ముందు తేదీ, తర్వాత ఎవరెవరున్నారు, ఆ తర్వాతే ఏం జరిగింది. ఈ అలవాటు నాకు ఉద్యోగం నుంచి వచ్చింది. నేను మా ఊరి పురసభలో, అంటే మునిసిపాలిటీలో, గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. చివరి ఇరవై రెండేళ్ళు నడావళి పుస్తకం నా చేతిలోనే ఉండేది. సభలో ఎవరు ఏమన్నారు, ఏ అంశం మీద ఏ తీర్మానం అయింది, మాది కన్నడ రాష్ట్రం కాబట్టి కన్నడంలో రాసిపెట్టడం నా పని. డైరీ మాత్రం ఎప్పుడూ తెలుగులోనే.

రిటైరైన తర్వాత కూడా నెలకొకసారి వెళ్ళి ఆ బెంచీ మీద కూర్చుంటాను. ఇంట్లో పొద్దుపోక పోతాడని నా భార్య అంటుంది. అందులో కొంత నిజముంది. అయితే పుస్తకంలోకి ఎక్కని మాటలు కనీసం నా డైరీలోకైనా ఎక్కాలన్న పట్టుదల కూడా ఉంది.

పదకొండో వార్డు సభ్యురాలిది పాత మిషన్ చర్చి కుటుంబం. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. నలభై ఏళ్ళుంటాయి. ప్రతిపక్షం తరఫున మొదటిసారి గెలిచింది. ఆమె చెల్లెలు ఐర్లాండ్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. ఆసుపత్రుల సంగతి అక్కడి పార్లమెంటులో చర్చకు వచ్చినప్పుడల్లా ఆ చెల్లెలు వీడియో ముక్కలు అక్కకు పంపుతుంది. అక్క వాటిని చూడటమే కాదు, సభలో తోటివాళ్ళకు కూడా చెబుతుంది. అందుకే పాలకపక్షం వాళ్ళు ఆమెను ఐర్లాండ్ అక్క అని పిలుస్తారు.

సమావేశానికి ముందు ఆదివారం చర్చి అయిన తర్వాత ఆమె మా ఇంటికి వచ్చింది. నోటీసు కాగితం నా ముందు పెట్టి ఏడో అంశం మీద వేలు పెట్టింది. కొత్త పైపులైను పూర్తయి ఇంటింటికీ నీళ్ళు అందుతున్నందున, బుధవారం నుంచి పదకొండో వార్డుకు ట్యాంకర్ నిలిపివేయడమని ఉంది.

"నీళ్ళు వస్తున్నాయా?" అని అడిగాను.

"యాడొస్తాండాయి మామా. నల్లి తిప్పితే ఒక చుక్క రాలేదు ఇంతవరకూ. ట్యాంకర్ నిలబెట్టేస్తే మావాళ్ళు హైవే దాటి అవతల బోరుకు పోవల్ల. పొద్దున ఆరుకు ఆ రోడ్డు మీద ఇనుపరాయి లారీలు ఎట్ల పోతాయో నీకు తెలీనిదా."

తెలియనిది కాదు. సండూరు కొండల నుంచి దిగివచ్చే లారీలకు మా ఊరు హైవేలో ఒక మలుపు మాత్రమే. బిందె నెత్తిన పెట్టుకున్న ముసలమ్మ కోసం అవి ఆగవు.

ఆమె ఫోను తీసి ఒక వీడియో పెట్టింది. పెద్ద హాలు, మెట్లు మెట్లుగా కుర్చీలు. ఒక పక్క మంత్రి. ఎదురుగా ప్రతిపక్షం నుంచి ఒకామె లేచి నిలబడింది. చేతిలో ఒక్క కాగితం. ఆమె ఇంగ్లీషు యాస నాకు సగం కూడా అందలేదు. చెల్లెలు తెలుగులో పంపిన వాయిస్ మెసేజిని పక్కనే పెట్టి వినిపించింది: ఆసుపత్రిలో మంచం దొరక్క కుర్చీల్లో రాత్రి గడిపే రోగుల గురించి అడుగుతోందట. మంత్రి చాలాసేపు మాట్లాడాడు. ఆయన కూర్చోగానే ఆమె మళ్ళీ లేచింది.

"చూడు మామా, ఆయమ్మ అరవదు, బల్ల కొట్టదు. నేనడిగింది అది కాదు అంటుంది. పోయినసారి ఫలానా తేదీన మీరే ఇట్ల చెప్పినారు, ఈ పొద్దు అట్ల చెప్తాండారు, రెండిట్లో ఏది నిజం అంటుంది. అంతే. ఆయప్ప మొగం చూడు ఎట్లయిందో."

"తేదీలు పట్టుకునింది," అన్నాను.

"అదే గదా. నా దగ్గర తేదీలు లేవు. నీ దగ్గర ఉండాయి."

డైరీలు దించాను. పైపులైను గురించి ఇంజినీరు మూడు సమావేశాల్లో మూడు జవాబులు చెప్పాడు. మొదటిసారి సామాను రాలేదన్నాడు. రెండోసారి వచ్చే నెలకల్లా నీళ్ళన్నాడు. మూడోసారి పని పూర్తయింది, పరీక్ష కూడా చేశామన్నాడు. తేదీ, మాట రెండూ ఆమె ఒక నోటు పుస్తకంలో ఎక్కించుకుంది. తర్వాత నేను అధ్యక్షుడిలా కూర్చున్నాను. ఆమె ప్రశ్న అడగడం సాధన చేసింది. ఆమె నోరు తెరవగానే నేను గొంతు పెంచి "కూచోమ్మా, కూచో, టైము లేదు" అని అరిచాను.

వంటింట్లోంచి నా భార్య తల బయటపెట్టింది. "ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఒకరి మింద గొంతు ఎత్తలేదు. ఇప్పుడు చూడు, అధికారం వచ్చేసినాది," అంది.

నాలుగోసారికి ఆమె నా అరుపుకు తడబడటం మానేసింది. నేను అరుస్తుంటే ఊరికే నిలబడి, నేను ఆగిన తర్వాత అదే వాక్యం మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఇక చెప్పాల్సింది ఏమీ లేదనుకున్నాను. అక్కడే తప్పు జరిగింది. ఆ తప్పు నాది.

మా పురసభలో ఒక పద్ధతి ఉంది. సభ్యులు హాల్లోకి వస్తూనే టీ పళ్ళెంతో పాటు నడావళి పుస్తకం వస్తుంది. హాజరుకు సంతకం అడుగుతారు. ఆ సంతకాలు ఎక్కడ పడతాయంటే, పైన పేజీ మొత్తం ఖాళీగా వదిలి, దాని అడుగున. సమావేశం అయిపోయిన ఒకటి రెండు రోజులకు గుమాస్తా తీరిగ్గా కూర్చుని పైన తీర్మానాలు రాస్తాడు. చివర "సర్వానుమతదింద" అని కలుపుతాడు, అంటే అందరూ ఒప్పుకున్నారని. కింద అందరి సంతకాలూ ముందే ఉంటాయి కాబట్టి ఇంకెవరూ మాట్లాడటానికి ఉండదు. ఈ పద్ధతి నేను మొదలుపెట్టింది కాదు, నా ముందు గుమాస్తా దగ్గర నేర్చుకున్నాను. కానీ ఇరవై రెండేళ్ళు అట్లాగే రాశాను. సభ్యులకు పెళ్ళిళ్ళుంటాయి, పొలాలుంటాయి, తొందరగా వెళ్ళాలి, అందుకని వాళ్ళ సౌకర్యం కోసమే అనుకునేవాడిని. అది నాకు ఎంత అలవాటైపోయిందంటే, ఆమెకు ఆ సంగతి చెప్పాలని కూడా తోచలేదు.

మంగళవారం ఆమె హాల్లోకి వచ్చింది. ఎడమచేతిలో టీ కప్పు, చంకలో నోటు పుస్తకం. అటెండరు పుస్తకం ముందుకు జరిపాడు, ఆమె కుడిచేత్తో గబుక్కున సంతకం పెట్టేసింది. బెంచీ మీది నుంచి నేను సగం లేచాను. అప్పటికే పుస్తకం పక్క కుర్చీకి వెళ్ళిపోయింది.

సభ మొదలైంది. ఆమె పక్కన కూర్చునే పాలకపక్షం సభ్యుడు ఒకాయన ఉన్నాడు. ఎరువుల దుకాణం ఆయనది, నోరు ఊరుకోదు.

"ఏమక్కా, ఈ పొద్దు ఐర్లాండ్‌లో ఏమైందంట?" అన్నాడు, అందరికీ వినబడేటట్టు.

"ఆడ మినిష్టరు జవాబు రాసిచ్చినాడంటప్పా. మీవాళ్ళు ఎప్పుడు రాసిస్తారో కనుక్కోని చెప్పు," అంది.

నవ్వారు. అధ్యక్షుడు కూడా నవ్వాడు. ఆయన చెడ్డమనిషి కాదు. ఎవరైనా అడ్డం మాట్లాడితే పనులు ఆగిపోతాయని నిజంగానే నమ్మే మనిషి.

ప్రశ్నల సమయంలో ఆమె లేచి మూడు తేదీలూ చదివింది. ప్రతి తేదీకి ఇంజినీరు చెప్పిన జవాబు చదివింది. "మూడోసారి నీళ్ళొస్తాండాయని చెప్పినారు. మా వార్డులో ఏ ఇంట్లో, ఏ నల్లిలో, ఎప్పుడొచ్చినాయో ఒక్క ఇల్లు చెప్పండి సార్," అంది.

ఇంజినీరు పైపుల పొడవు గురించి, వాల్వుల గురించి, తుంగభద్ర కాలువలో నీటి మట్టం గురించి చెప్పాడు. చెప్పి కూర్చున్నాడు.

"నేనడిగింది అది కాదు సార్. ఒక్క ఇల్లు చెప్పండి."

"కూచోమ్మా," అన్నాడు అధ్యక్షుడు. "రాతలో జవాబిస్తాం."

"ఎప్పటికి ఇస్తారు?"

"ఇస్తామన్నాం గదమ్మా. టైము లేదు, అంశాలు చానా ఉండాయి."

అంశాలు ఎట్లా నడుస్తాయో నాకు బాగా తెలుసు. గుమాస్తా సంఖ్య చదువుతాడు, నలుగురు బల్ల కొడతారు, "ఆయ్తు, ముందిన విషయ" అంటాడు అధ్యక్షుడు, అయింది, తర్వాతిది చదువు అని. ఆరు అంశాలకు పట్టింది తొమ్మిది నిమిషాలు. ఏడోది చదవగానే ఆమె లేచింది. నా డైరీలో సమయం పన్నెండూ ఇరవై. "దీనికి నేను ఒప్పుకోను. మా వార్డుకు నీళ్ళు రాలేదు. ట్యాంకర్ నిలపగూడదు." బల్లలు మోగాయి. "ఆయ్తు, ముందిన విషయ." ఎనిమిది, తొమ్మిది, పది. పక్క గదిలో బొరుగుల ఉగ్గాణీ, మిరపకాయ బజ్జీల వాసన లేచింది. సభ్యులు కూడా లేచారు.

ఆమె మాత్రం కుర్చీలోనే ఉంది. తను చెప్పాల్సింది చెప్పానన్న తృప్తి ఆమె ముఖంలో చూశాను. సంతకం సంగతి ఆమెకు తెలియదు. బెంచీ మీద కూర్చున్నవాడు సభ్యులతో మాట్లాడకూడదు. ఆ నిబంధన బోర్డు అక్కడ తగిలించింది కూడా నేనే, నా ఉద్యోగకాలంలో. అయినా లేచి, బెంచీకీ సభ్యుల కుర్చీలకూ మధ్య కట్టిన తాడు దగ్గరికి వెళ్ళాను.

"అమ్మా, పుస్తకం మూయకముందే తెప్పించుకో. నీ సంతకం పైన ఏముందో చూడు."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. "సంతకం హాజరుకు గదా మామా?"

"నువ్వు పెట్టింది హాజరుకు. వాళ్ళు వాడుకునేది ఒప్పుదలకు."

ఆమె ఒక్క క్షణం నా వైపు చూసింది. ఆదివారమంతా మా ఇంట్లో కూర్చున్నాం కదా, అప్పుడెందుకు చెప్పలేదని ఆ చూపులో ఉంది. అడగలేదు. లేచి నేరుగా గుమాస్తా బల్ల దగ్గరికి వెళ్ళింది.

"ఏడో అంశం ఎట్ల రాసుకున్నారో ఒకసారి చదవండి."

గుమాస్తా నేను పని నేర్పినవాడే. నా వైపు చూశాడు, అధ్యక్షుడి వైపు చూశాడు. "ఇంకా రాయలేదు మేడమ్. రేపు రాస్తాం."

"రాయకముందే మా సంతకాలు కింద ఎట్లొచ్చినాయి?"

ఎరువుల దుకాణం ఆయన చేతిలో బజ్జీతో తలుపు దగ్గర ఆగాడు. "అక్కా, సంతకం పెట్టినాక అయిపోయినట్లే. నేను ఎన్నేండ్ల నుంచి పెడతాండా. రా, ఉగ్గాణి సల్లారిపోతాది."

ఆమె పుస్తకాన్ని రెండు చేతులతో ఎత్తి సభ వైపు తిప్పింది. పైన తెల్లగా పేజీ. కింద పదిహేడు పేర్లు, ఆమెది పన్నెండోది. తలుపు దాకా వెళ్ళినవాళ్ళు కూడా వెనక్కి వచ్చి చూశారు. వాళ్ళు దాన్ని ఎన్నోసార్లు చూసినవాళ్ళే. ఇట్లా నిలబెట్టి చూపించినవాళ్ళు అంతవరకూ లేరు.

"మింద ఏమీ లేని కాగితానికి నేను ఒప్పుకున్నానని రేపు రాస్తారు. రాయనీండి. నేను చెప్పింది గూడా రాయల్ల," అంది. గుమాస్తా బల్ల మీది పెన్ను తీసుకుంది.

"బేడమ్మా, బేడ, రాయొద్దు," అంటూ అధ్యక్షుడు గబగబా వచ్చాడు. "అది గవర్నమెంటు పుస్తకం. దాంట్లో సభ్యులు రాసే పద్ధతి లేదు. కేసయితాది."

ఆమె పెన్ను పట్టుకునే నిలబడింది. రాయలేదు, వదల్లేదు.

ముఖ్యాధికారి కుర్చీలోంచి లేచాడు. ధారవాడ వైపు మనిషి, మా ఊరికి వచ్చి నాలుగు నెలలే. ఆయన నన్ను చూసి కన్నడంలో అడిగాడు: మీరు ఈ పుస్తకం చాలాకాలం రాశారట కదా, సభ్యుల అసమ్మతి ఇందులో రాసే పద్ధతి ఉందా, లేదా?

హాలంతా నా వైపు తిరిగింది. రిటైరైన రోజు ఇదే హాల్లో నాకు శాలువా కప్పారు. ఇరవై రెండేళ్ళలో ఒక్క వివాదం లేకుండా పుస్తకం నడిపించాడని అప్పటి అధ్యక్షుడు పొగిడాడు. ఆ మాట నాకు చాలాకాలం తీపిగా ఉండింది.

"పద్ధతి లేదు," అన్నాను. "నిబంధన ఉంది. ఒప్పుకోని సభ్యుడు కోరితే ఆ మాట పుస్తకంలో రాయాలి. నా రోజుల్లో ఎవరిదీ రాయలేదు. ఎందుకంటే ఒప్పుకోనని చెప్పకముందే సంతకం తీసేసుకునేవాడిని. అది తప్పు. తెలిసి చేసిన తప్పే."

ఎరువుల దుకాణం ఆయన బజ్జీని జేబురుమాలులో చుట్టి పట్టుకుని వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. "పెద్దాయన ఇంత మాట అన్నాక ఇంకేంది, రాయండప్పా," అన్నాడు మెల్లిగా, అధ్యక్షుడికి వినబడీ వినబడనట్టు.

ముఖ్యాధికారి గుమాస్తాతో అక్కడే, అందరి ముందే తీర్మానాలు రాయమన్నాడు. అందుకు గంటా పది నిమిషాలు పట్టింది. ఉగ్గాణి చల్లారిపోయింది. ఏడో అంశం దగ్గర ఆమె చెప్పింది చెప్పినట్టు రాయించింది. పదకొండో వార్డు సభ్యురాలు ఒప్పుకోలేదు; వార్డులో ఏ ఇంటి నల్లికీ నీళ్ళు రాలేదని, ట్యాంకర్ నిలపకూడదని చెప్పారు. గుమాస్తా "కొన్ని ఇళ్ళకు" అని రాయబోతే ఆపింది. అధ్యక్షుడు ఒక్క ఓటు వల్ల తీర్మానం మారదన్నాడు. అది నిజమే, మారదు. కానీ ఇప్పుడది పుస్తకంలో ఉంది. తనిఖీకి వచ్చే ఏ పై అధికారి అయినా చదువుతాడు. ఆ సంగతి అందరికంటే ముందు ముఖ్యాధికారికే తోచింది. మర్నాడు పొద్దున ఆరున్నరకు ఇంజినీరు స్వయంగా వార్డుకు వెళ్ళి లైను తెరిచి చూపించాలని, అంతవరకూ తీర్మానం అమలు చేయవద్దని కింద ఒక వాక్యం రాసి సంతకం చేశాడు.

బయటికి వచ్చాక మెట్ల మీద ఆమె నాతో అంది, "మామా, ఆదివారం చెప్పింటే బాగుండు."

"చెప్పాల్సింది," అన్నాను.

"నువ్వు ఈ పొద్దు చెప్పింది ఆదివారం చెప్పడానికంటే కష్టం లే," అని చెప్పులు వేసుకుని ఆటో ఎక్కింది.

మరుసటి ఉదయం, బుధవారం, ఆరు గంటలకే నేను పదకొండో వార్డుకు వెళ్ళాను. ట్యాంకర్ రాలేదు. దాన్ని నిలపమన్న మాట డ్రైవరుకు సోమవారమే చేరిందట. నిలపవద్దన్న మాట మాత్రం చేరలేదు. చర్చి గోడ పొడుగునా బిందెలు వరుసగా ఉన్నాయి. ఇద్దరు ఆడవాళ్ళు హైవే వైపు బయలుదేరితే ఆమె ఆపింది. "ఏడుదాకా చూడండి. ఆ తర్వాత నేనూ వస్తా."

ఇంజినీరు ఆరూ నలభైకి స్కూటరు మీద వచ్చాడు, వెనక వాల్వు తిప్పే మనిషి. వాల్వు తెరిచారు. ఆమె ఇంటి నల్లి నుంచి గాలి కూడా రాలేదు. పక్కింట్లో, ఎదురింట్లో, వీధి చివర, ఎక్కడా రాలేదు. ఇంజినీరు కాసేపు ఒత్తిడి సరిపోలేదన్నాడు. అప్పుడు వాల్వు మనిషి వీధి మొదట్లో ఉన్న కల్వర్టు పక్కన నేల తడిసి ఉబ్బడం చూసి పార తెప్పించాడు. మూడడుగులు తవ్వేసరికి రెండు పైపులు బయటపడ్డాయి. పెద్ద లైను నుంచి వచ్చిన పైపు మట్టిలోకి నీళ్ళు కక్కుతోంది. వార్డు లైను దానికి మూరెడు దూరంలో ఆగిపోయి ఉంది. దాని మూతికి కంపెనీ పెట్టిన నీలం ప్లాస్టిక్ మూత అట్లాగే ఉంది. రెండింటినీ కలపనే లేదు.

ఇంజినీరు అద్దాలు తీసి తుడుచుకున్నాడు. నిజంగానే ఆయనకు తెలియదని నాకనిపించింది. పని చేసినవాళ్ళు అయిందన్నారు, ఆయన అయిందని రాసిచ్చాడు.

"పరీక్ష చేసినామని చెప్పినారు గదా సార్ పోయిన నెల," అంది ఆమె. గొంతు పెంచలేదు.

"లీకు మూయించేస్తానమ్మా, మధ్యాహ్నానికి మనుషుల్ని పంపి..."

"ముందు రాయండి. ఏం కనపడిందో అది రాయండి. మూత రంగు గూడా."

స్కూటరు సీటు మీద కాగితం పెట్టి రాశాడు. తర్వాత వాల్వు మూయించి, ట్యాంకర్ డ్రైవరుకు ఫోను చేశాడు. ట్యాంకర్ ఎనిమిదీ పదికి వచ్చింది. బడికి వెళ్ళాల్సిన పిల్లలున్న ఇళ్ళవాళ్ళు ముందు పట్టుకున్నారు. ఆమె తన రెండు బిందెలతో వరుస చివర నిలబడింది.

నీళ్ళు పట్టుకోవడం అయ్యాక వాల్వు మనిషి గుంత పూడ్చబోయాడు. ఆమె పార తీసుకుంది. "పైపులు కలిపేదాకా ఇట్లనే ఉండనీ. ఈ దావన పోయేవాళ్ళందరూ చూడనీ." పిల్లలు పడిపోతారని అతను అంటే, అవతల గట్టు మీద సర్కారు తుమ్మ కంప ఉంటే ఇద్దరూ కలిసి ఈడ్చుకొచ్చి గుంత చుట్టూ వేశారు. నేను కూడా ఒక కొమ్మ పట్టుకున్నాను.